బుట్టెడు ఎర్రగరుసు

తిరుమణి చుట్టుపక్కల పల్లెల్లో బోరన్నను బోరన్న అని పిలిచేవాళ్లు తక్కువ. పత్తేదారు అనేవాళ్లు. దొంగల ఆచూకీ తీసేవాడని కన్నడంలో ఆ మాటకు అర్థం. పావగడ నుంచి వచ్చిన ఒక పోలీసాయన ఎప్పుడో వేళాకోళానికి అన్నాడు. వేళాకోళం ఆయనతో పాటే బదిలీ అయిపోయింది, పేరు మాత్రం ఊళ్లో ఉండిపోయింది. గొర్రె తప్పిపోయినా, కళ్లంలో శెనక్కాయల మూట మాయమైనా, కంచె మీద ఆరేసిన కంబళి కనిపించకపోయినా ముందు బోరన్నకే కబురు వెళ్లేది. స్టేషన్ సంగతి ఆ తర్వాత.

బోరన్న నడిచేవాడు. అదే అతని విద్య. చెప్పులు చేత పట్టుకుని, తల వంచుకుని, నేల మీద నుంచి చూపు తిప్పకుండా ఎంత దూరమైనా నడిచేవాడు. మనిషి అడుగు చూసి తాగి నడిచాడో, బరువెత్తుకుని నడిచాడో చెప్పేవాడు. అయితే చూసినవన్నీ కలిపితే ఏం తేలుతుందో మాత్రం అతనికి తోచేది కాదు. ఆ మాట అతనే ఒప్పుకునేవాడు, అందులో సిగ్గుపడాల్సింది ఏముందన్నట్టు. కలిపే పని అన్న మారెప్పది.

మారెప్ప బోరన్న కంటే చాలా పెద్ద. వయసులో ఉండగా చింతచెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నాటుకట్టు కట్టించారు, ఎముక తన ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది. అప్పటి నుంచి ఆయనకు లోకమంటే ఇల్లు, ఇంటి ముందు అరుగు, ఆ రెంటికీ మధ్య ఒక చేతికర్ర. పగలంతా అరుగు మీద నల్లకంబళి పరుచుకుని, కదురుతో ఉన్ని వడుకుతూ కూర్చునేవాడు. బస్సు ఆగేది సరిగ్గా ఆ అరుగు ఎదురుగానే. అందుకని ఊరే ఆయన దగ్గరికి వచ్చేది. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు ఏ మొహంతో బస్సు దిగారు, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదు, ఇవన్నీ ఆయనకు కదలకుండానే తెలిసేవి.

ఒకసారి నాగలమడికలో ఒక రైతు పొట్టేలు పోయింది. బోరన్న రోజంతా తిరిగి మొహం వేలాడేసుకుని అరుగు దగ్గరికొచ్చాడు.

"గిట్టలు ఏటి ఒడ్డున అయిపోయినాయన్నా. ఆడనుంచి మనిషి అడుగులే ఉండాయి. అవీ గట్టినేల రాంగానే కనపడకుండా పొయినాయి."

"అడుగులు ఎట్లుండాయి?"

"లోతుగా ఉండాయి."

"అంటే పొట్టేల్ని ఎత్తుకున్నాడు. రేయ్ బోరా, దూరం పోవాలంటే ఎవడైనా పొట్టేల్ని మోస్తాడా, నడిపిస్తాడా?"

"నడిపిస్తాడు."

"మోసినాడంటే దగ్గరికే. ఏటికి ఆనుకోని ఎవరి దొడ్డి ఉండాదో చూడుపో. చెవి కొత్తగా కోసిన పొట్టేలు ఒకటి కనపడుతాది."

గొర్రెల చెవులకు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రకం కోత పెట్టుకుంటారు, గుర్తుకు. ఒకరి గుర్తు చెరపాలంటే దాని మీద ఇంకో కోత కోయాల్సిందే. మారెప్ప చెప్పిన దొడ్డిలోనే, చెవి నెత్తురు ఆరని పొట్టేలు దొరికింది. నాగలమడికవాళ్లు పత్తేదారు పత్తేదారు అని బోరన్నను ఆకాశానికెత్తారు. అన్నకు రావలసిన పేరు తనకొస్తోందని బోరన్న నొచ్చుకుంటే మారెప్ప నవ్వేశాడు. "నాకు పేరు దేనికిరా? అరుగు మీద దాన్ని పెట్టుకునేకి జాగా యాడుండాది?" అన్నాడు.

జాడ తీసే పనిలో మొదటి పాఠం కూడా ఆయన నేర్పిందే. "ముందు ఇంటోళ్ల అడుగులు తీసెయ్యి. రోజూ ఆడ తిరిగే మనుషులవి లెక్కలోకి రావు. అన్నీ తీసేసినాక ఏది మిగిలితే అది దొంగది." అప్పటి నుంచి బోరన్న ఆ మాట తప్పలేదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ రోజు చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మారెప్ప కదురు తిప్పుతూ వినేవాడు. ఆయన భార్య ఈరక్క ఇద్దరికీ రాగిముద్దలు తెచ్చి పెట్టేది. పోయిన గొర్రెల గురించి మాట్లాడుకుంటూనే ఇద్దరి తలలూ నెరిశాయి.

తర్వాత సోలార్ వచ్చింది. శెనక్కాయ వేసిన చేలల్లో నల్ల ప్లేట్లు లేచాయి. మంచికో చెడుకో ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్తారు, వాన పడని ఏడు మాత్రం అందరూ మంచికే అంటారు. అన్నదమ్ముల పొలమూ లీజుకు పోయింది. చాలామంది గొర్రెలు అమ్మేసుకున్నారు. ప్లేట్ల చుట్టూ కంచె, కంచె చుట్టూ కెమెరాలు. గొర్రె తప్పిపోతే ఆఫీసులో ఎవరో టీ తాగుతూ టీవీలో చూసి, ఫలానా గేటు దగ్గర ఉందని చెప్పేస్తారు. ఇక పత్తేదారుతో పనేముంది? అదే ప్లాంటులో బోరన్న సెక్యూరిటీ గార్డుగా చేరాడు. చెవుల మీదికి జారే టోపీ ఒకటి, ఈల ఒకటి ఇచ్చారు. కొడుకు బడికి దగ్గరని తిరుమణిలో బాడుగ ఇంటికి మారాడు.

మొదట్లో ఆదివారం ఆదివారం అన్న దగ్గరికి వచ్చేవాడు. తర్వాత అమావాస్యకొకసారి. తర్వాత అదీ తప్పుతూ వచ్చింది. అన్న మీద ప్రేమ తగ్గి కాదు. పోయిన వస్తువేదీ లేకుండా అన్నతో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు, అంతే. ఫోనుందిగా అంటే ఉంది. "బాగుండావా?" "ఆ, ఉండా. నువ్వు?" "ఉండా." ఆ తర్వాత ఇద్దరూ ఫోను చెవికి ఆనించుకుని కాసేపు ఊపిరి వింటూ కూర్చుని, చార్జింగ్ లేదని చెప్పి పెట్టేసేవాళ్లు.

అట్లాంటిది, పోయిన ఎండాకాలంలో ఊళ్లో మళ్లీ వస్తువులు పోవడం మొదలైంది. మొదట రంగక్క కొడవలి. చేలో పని చేసుకుని ఇంటికొచ్చి చూసుకుంటే లేదు. కొత్తగా పళ్లు కొట్టించిన కొడవలి, రంగక్క ఊరుకుంటుందా? పత్తేదారుకు ఫోను కొట్టించింది. బోరన్న సెలవు పెట్టి పరుగున వచ్చాడు. ఊరంతా తిరిగి, సాయంత్రం అరుగు మీద కూర్చుని అంతా చెప్పాడు.

మారెప్ప కాసేపు కళ్లు మూసుకుని, "రంగక్క వచ్చేదోవలో ఎనుముకు పిడికెడు గడ్డి పీక్కొనింటాది. ఆయమ్మ వామి కింద చూడుపో," అన్నాడు.

కొడవలి గడ్డివామి కిందే దొరికింది. నేను ఆ పొద్దు వామి దగ్గరికే పోలేదని రంగక్క మొత్తుకుంది గాని, దొరికిన సంతోషంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొన్నాళ్లకు ఒకాయన మేకపోతు మెడగంట పోయింది. గంటకు తోలుపట్టీ ఉంది కాబట్టి కుక్క ఈడ్చుకుపోయి ఉంటుందని మారెప్ప అన్నాడు. కుక్క పిల్లలు పెట్టిన గుంతలోనే గంట దొరికింది. అన్న బుర్ర కంబళి కింద దాచిన కత్తిలా ఇంకా పదునుగానే ఉందని బోరన్న పొంగిపోయాడు. వస్తువు పోయిన ప్రతిసారీ వచ్చాడు, ప్రతిసారీ ఈరక్క ముద్ద తిని వెళ్లాడు. ఎవరి వస్తువో పోతే తనకింత హుషారెందుకని ఒకటి రెండుసార్లు తనలో తనే సిగ్గుపడ్డాడు కూడా.

ఇంతలో పుట్టమ్మ వక్కాకు సంచి పోయింది. పుట్టమ్మ ముసలామె, మనవరాలు రక్షితను పెంచుకుంటోంది. పిల్ల బంగారు కమ్మల కొక్కీ ఊడితే పావగడలో బాగు చేయించాలని బయల్దేరింది. గాలికి కూడా తెలియకూడదని కమ్మలను గుడ్డలో చుట్టి వక్కాకు సంచి అడుగున పెట్టి, ఆ సంచి నడుముకు చెక్కుకుంది. పావగడలో బంగారం అంగట్లో నడుము తడుముకుంటే సంచి లేదు. ఏడ్చుకుంటూ తిరుగు బస్సులో వచ్చి దిగింది. దిగీ దిగగానే, "కమ్మలు పాయె నాయనా, పిల్ల కమ్మలు పాయె," అని రోడ్డు మీదే కూలబడింది. అరుగు చుట్టూ జనం మూగారు.

పొద్దున ఆమె బస్సెక్కేటప్పుడు అక్కడ ఎవరున్నారని వెతికితే అంజినప్ప పేరు వచ్చింది. నిడుగల్లు వైపు నుంచి మందను తోలుకొచ్చి, పాసు తీసుకుని ప్లేట్ల కింద గొర్రెలు మేపుకునే మనిషి. పొద్దున రోడ్డు దాటడానికి బస్సు పక్కనే నిలబడ్డాడన్నారు. ఊరివాడు కాదు, అది చాలు కదా. నలుగురూ పోయి అతన్ని పట్టుకొచ్చారు. అతని మందను బడి వెనక దొడ్డిలోకి తోలి గేటు వేశారు. రేపు పొద్దుగూకేలోపు కమ్మలు రావాలి, లేదంటే పోలీసులకు అప్పజెప్తామన్నారు. కేసు పడితే పాసు పోతుంది. ప్లేట్లు కడిగిన నీళ్లకు వాటి కింద మొలిచే నాలుగు పోచలు తప్ప ఆ ఎండలకు ఇంకెక్కడా పచ్చన లేదు. పాసు పోతే మంద పోయినట్టే.

బోరన్న వచ్చేసరికి అంజినప్ప చావిడి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను గొర్రెల్ని దాటించేకి నిలబడినానప్పా. ఆ ముసలామె మొగమే నేను చూడలే. నువ్వన్నా చెప్పు, పత్తేదారువంట గదా," అన్నాడు.

బోరన్న పుట్టమ్మను అడిగాడు, చావిడి దగ్గరున్న వాళ్లను అడిగాడు, తిన్నగా అన్న దగ్గరికొచ్చి కూర్చున్నాడు. తెలిసిందంతా చెప్పి, ఎప్పట్లాగే ఆగి, అన్న మొహం వైపు చూశాడు.

మారెప్ప కదురు మీంచి తల ఎత్తలేదు. చేతిలో దారం తెగిపోతోంది, ముడేస్తే మళ్లీ తెగిపోతోంది. "నాకు తెలీదురా," అన్నాడు.

బోరన్న తన పుట్టుకలో అన్న నోటి వెంట ఆ మాట వినలేదు. ఆ పూట ఈరక్క ముద్ద పెట్టింది, ఇద్దరూ తినలేదు.

మర్నాడు పొద్దున్నే బోరన్న బస్సు ఆగే చోట జాడ తీయడం మొదలుపెట్టాడు. ఊరివాళ్ల అడుగులు తీసేశాడు, పుట్టమ్మవి తీసేశాడు, అంజినప్ప చెప్పుల గుర్తులు రోడ్డుకు అవతలే ఉన్నాయి, బస్సు దగ్గరికి రానే లేదు. వదినవి తీసేశాడు. ఈరక్క కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంటుంది, ఆమె అడుగును చీకట్లో తడిమి కూడా చెప్పగలడు. అన్నీ తీసేస్తే మిగిలింది సున్నా. పక్కనున్న మోరీ గట్టు మీద కూలబడ్డాడు.

వదిన అడుగును ఈమధ్య చాలాసార్లు తీసేసినట్టు అప్పుడు తట్టింది. రంగక్క వామి దగ్గర తీసేశాడు. కుక్క గుంత దగ్గరా తీసేశాడు. ఇంటోళ్ల అడుగు కదా అని కన్ను దాని మీద ఆగనే లేదు. ఇంట్లో ఎనుము లేదు, ఆవు లేదు, రంగక్క వామి దగ్గర వదినకేం పని? కొడవలి పోయిన రోజు రంగక్క బరువు దించుకుని కూర్చుంది ఎక్కడ? గంట పోయిన రోజు ఆ మేకలాయన ఊడిన గంటను పక్కన పెట్టి బీడీ కాల్చుకుంది ఎక్కడ? పుట్టమ్మ బస్సు కోసం కూర్చుని ఆకు నమిలింది ఎక్కడ? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను రోజూ కూర్చునే అరుగును వదిలేసి పత్తేదారు ఊరంతా వెతికాడు.

ఈరక్క నీళ్ల ట్యాంకు దగ్గర బిందె పట్టుకుంటోంది. దగ్గర ఇంకెవరూ లేరు.

"వదినా, రంగక్క వామి కాడికి ఎందుకు పోయింటివి?"

ఈరక్క కొళాయి కట్టేసింది. "ఎప్పుడు అడుగుతావా అని సూస్తాండా బోరన్నా," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు రాకుండా పొయినాక మీ అన్న మాట్లాడేదే మానేసినాడు. కదురు తిప్పేది, బస్సు సూసేది, అంతే. ఒకనాడు రంగక్క కొడవలి అరుగు మీద మర్చిపొయి పాయె. ఇచ్చొస్తానంటే, ఉండు, బోరాను పిలిపిస్తారు సూడు అని నాతోనే వామి కింద పెట్టించినాడు. ఆ పొద్దు నువ్వొచ్చినావు. రెండు ముద్దలు తిన్నాడు మీ అన్న. నేనింక ఏం మాట్లాడేది?"

"మరి సంచి?"

"అండ్ల బంగారం ఉండాదని మాకేం తెలుసు? ఆకూ వక్కే అనుకుంటిమి. ఆయమ్మ ఏడుస్తా బస్సు దిగుతానే ఈయన నోరు పడిపాయె. సంచి ఆయన కూచున్న కంబళి కిందనే ఉండాది. ఇయ్యాలని నోరు తెరిచేలోపల ఊరంతా మూగిరి. అంతలో అంజినప్పను పట్టకొచ్చిరి. రాత్రంతా కండ్లు మూయలే మీ అన్న."

బోరన్నకు ముందు కోపం ముంచుకొచ్చింది. కుక్క గుంతలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గంట తీసి, ఊరందరి ముందు అన్న బుర్రను పొగిడిన తన వెర్రితనం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇంత తెలివి పెట్టుకుని ఇదేం పని అనుకున్నాడు. నాలుగడుగులు వేశాక కోపం నిలవలేదు. తనను రప్పించుకోవడానికి అన్నకు దొంగతనం తప్ప దారి కనిపించలేదు. ఊరికే రారా అని పిలిస్తే తాను వచ్చేవాడేనా? డ్యూటీ ఉందనేవాడు. ట్యాంకు గోడ పక్కన నిలబడి బోరన్న ఏడ్చాడు.

తర్వాత, అలవాటు లేని పని, ఆలోచించాడు. సంచి దొరికిందని తనే తీసుకెళ్లి ఇస్తే ఎక్కడ దొరికిందంటారు, ఎవరి జాడ అంటారు. ఊరివాళ్లను ఏదైనా నమ్మించొచ్చు గాని, జాడ లేకుండా పత్తేదారుకు వస్తువు దొరికిందంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు. అన్న తనంతట తను ఒప్పుకుంటే అంజినప్ప బయటపడతాడు, అన్న మాత్రం మళ్లీ తలెత్తుకోలేడు. అప్పుడు గుర్తొచ్చింది మన్నుకుప్ప.

అది పాతకాలపు పద్ధతి. ఊళ్లో విలువైన వస్తువు పోతే ఇంటికొకరు బుట్టెడు మన్నో బూడిదో తెచ్చి, చీకటి గదిలోకి ఒక్కొక్కరే వెళ్లి కుప్పగా పోస్తారు. దొంగ తన బుట్టలో వస్తువును దాచి పోసెయ్యొచ్చు. తర్వాత దీపం పెట్టి కుప్ప తవ్వుతారు. వస్తువు దొరికితే అంతటితో సరి. ఎవరు పోశారని అడగకూడదు, పేరు ఎత్తకూడదు. బోరన్న చావిడిలో ఈ మాట చెప్తే ముసలివాళ్లు తలలూపారు. గ్యాసు పొయ్యిలొచ్చాక బూడిద యాడ తెచ్చేదని కుర్రకారు నవ్వారు. బూడిద లేనోళ్లు మన్ను తెండి, మన్నుకేం కరువా అని పెద్దలు తేల్చారు.

అన్నకు తనే వెళ్లి చెప్పాడు, కంబళి వైపు చూడకుండా. "సాయంత్రం కుప్ప పోస్తారంట. ఇంటికొకరు పోవాల. వదినను పంపు."

"ఎవరి ఆలోచన ఇది?"

"ఊరోళ్లది."

"ఊరోళ్లకు అంత బుర్ర లేదే," అని మారెప్ప తమ్ముడి మొహం పరకాయించి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, "ఈరక్క రాదు. నేనే వస్తా," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు చావిడి పక్క గది కిటికీలు మూసేశారు. లోపల ఎవరేం చేస్తున్నారో తొంగిచూడకుండా వాకిట్లో కాపలాకు బోరన్ననే పెట్టారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, పోసి, ఖాళీ బుట్టతో బయటికొస్తున్నారు. దిబ్బ మన్ను, పేడపొడి, చేని మన్ను, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చారు. బోరన్న బుట్టలో ఉన్నది గరుసు. ప్లాంటు రోడ్లకు తోలిన ఎర్రటి గులకమట్టి, తిరుమణి నుంచి బండి మీద తెచ్చుకున్నాడు. ఆ బుట్ట ఇంకా గడప పక్కనే ఉంది.

అందరూ అయిపోయాక మారెప్ప వచ్చాడు. ఎన్నో ఏళ్లకు అరుగు దిగిన మనిషి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బూడిద బుట్ట. మారెప్ప నడుస్తున్నాడే అని జనం దారిచ్చారు. ఈరక్క బుట్ట పట్టుకుంటానంటే ఇవ్వలేదు. లోపలికి పోయాడు, పోశాడు, చెమటలు కారుతూ బయటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

బోరన్నకు అప్పుడు తట్టింది. చివర పోసింది కుప్ప పైనే ఉంటుంది. తవ్వకం పైనుంచే మొదలవుతుంది. ఊళ్లో కట్టెలపొయ్యి ఇంకా మానని ఇల్లు మారెప్పదొక్కటే, తెల్లటి మెత్తటి బూడిద పోసింది ఆయనొక్కడే. నోరెత్తకూడదన్న కట్టుబాటు నోటికే గాని కళ్లకు లేదు. ఎవరికీ దొరకని తెలివి ఆయనది, ఈ ఒక్క పూట కంగారులో ఆ సంగతి తట్టనే లేదు.

"నాదొకటి ఉండిపాయె," అని బోరన్న బుట్ట ఎత్తుకుని లోపలికి పోయాడు. చీకట్లో కుప్ప పైన చెయ్యి పెట్టాడు. బూడిద ఇంకా గోరువెచ్చగా తగిలింది. వేళ్లతో వెతికి సంచి పట్టుకుని, పైకి తీసి దులిపాడు. బూడిద వాసన పోయేదాకా పంచెకేసి తుడిచాడు. తన బుట్టలో గరుసు మధ్య దాన్ని గుచ్చి, అంతా కలిపి కుప్ప నెత్తిన పోశాడు. ఇన్నేళ్లు జాడలు తీసిన చెయ్యి, మొదటిసారి జాడ పెట్టింది.

దీపం పెట్టి ఊరిపెద్ద చేటతో తోడితే మొదటి చేటలోనే సంచి వచ్చింది, ఎర్రగరుసుతో సహా. పుట్టమ్మ దాన్ని లాక్కుని కమ్మలు చూసుకుని కళ్లకద్దుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. అందరి కళ్లూ గరుసు మీదికి పోయి, అక్కడి నుంచి బోరన్న చేతిలోని బుట్ట మీదికి వచ్చాయి. అంజినప్ప ఊరివాడు కాదు కాబట్టి అతనికి కట్టుబాటు లేదు. మందను విడిపించుకుని పోతూ బోరన్న ముందు ఆగాడు.

"నిన్ను నమ్ముకోని నాకు సాక్ష్యం చెప్పమంటినే, థూ," అన్నాడు.

బోరన్న తల వంచుకున్నాడు. "పోప్పా, పొద్దుపాయె. గొర్రెలు ఆకలిమీద ఉండాయి," అన్నాడు. ఆ ఉమ్ము అతనికి చాలా రోజులు గుర్తుంది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి అన్న దగ్గరికి వచ్చాడు. బస్సు దిగుతుంటే ఎవరో వెనక నుంచి, "పత్తేదారు వచ్చినాడు, సంచులు భద్రమప్పా," అన్నారు, నలుగురు నవ్వారు. బోరన్న వినలేదన్నట్టు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మారెప్ప చేతిలో కదురు లేదు.

"నేను పోసింది బూడిద," అన్నాడు మారెప్ప.

"ఊ."

"గరుసులో దొరికిందంట."

బోరన్న వంగి చెప్పులకంటిన గరుసు దులుపుకున్నాడు.

"ఎందుకు చేస్తివిరా? రేపు చావిడికి పొయ్యి నేనే అని చెప్పేస్తా. నా తప్పు నువ్వెందుకు మొయ్యల్ల?"

"చెప్పద్దన్నా. నేనంటే తిరుమణికి పోతా, ఆడ ఈ కండ్లు ఉండవు. నువ్వు ఈ అరుగిడిసి యాడికి పోతావు? పొద్దస్తమానం ఈ జనం ముందరే గదా కూచునేది. రేపట్నుంచి ఒక్కరూ ఈడ కూచోకుండా, బరువు దించుకోకుండా పోతే నువ్వు బతుకుతావా? వదిన ఏ మొగం పెట్టుకోని నీళ్లకు పోతాది?"

మారెప్పకు ఇదంతా తట్టలేదు. తమ్ముడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. చెయ్యి చాచి బోరన్న తల మీద పెట్టాడు. ఇద్దరి మధ్యా అట్లాంటివి అలవాటు లేవు, ఆ చెయ్యి ఎప్పుడు తీయాలో తెలియక అట్లాగే ఉంచేశాడు.

"ఇంక నిన్ను ఊర్లో ఎవరూ పిలవరురా," అన్నాడు చివరికి.

"పిలవరు."

"కేసు లేకుంటే నువ్వు ఇంక దేనికొస్తావు?"

ఈ ప్రశ్నకు బోరన్న ఆలోచించాల్సిన పని పడలేదు.

"నిన్ను చూసేకి," అన్నాడు.